దొరకని ఆరో భాగం

డాంకస్టర్‌లో శనివారం సంత.
పాత రైల్వే క్లబ్బు హాలు, మడత బల్లలు.
నాణేలవాడికీ బొమ్మకార్లవాడికీ మధ్య
ఒక రేకు డబ్బా, మూత మీద బస్సు బొమ్మ.
ఐదు వందల్లో రెండు వందల పన్నెండో ప్రతి అని
అడుగున చేత్తో రాసిన అంకె.
ముప్ఫై ఎనిమిది పౌన్లన్నాడు. ముప్ఫై ఐదుకి తెచ్చాను.
మా అత్తయ్యయితే ఇరవైకి తెచ్చేది,
భాష రాకుండానే.

లోపల ఏడు డీవీడీలు, ఒక చిన్న పుస్తకం,
టీ కూజా ఆకారంలో ఒక బ్యాడ్జి.
మార్ల్‌బీ వాళ్ళ ఇంటి తలుపు మళ్ళీ తెరుచుకుంది.
మా టీవీలో బూడిదగా ఉండే ఆ వంటింటి గోడలు
పసుపు రంగువని
యాభై ఏళ్ళకి తెలిసింది.

డెబ్భై నాలుగు చలికాలం, రోథరామ్ ఆసుపత్రి క్వార్టర్స్.
నాన్న నైట్ డ్యూటీ. అమ్మ ప్రసూతి వార్డులో.
నేనూ తమ్ముడు శశిభూషణూ ఒకే రగ్గులో.
రంగనాయకి అత్తయ్య కుర్చీలో కాదు,
కుర్చీకి ఆనుకుని నేల మీద,
నాన్న పాత స్వెట్టరు విప్పి ఉండ చుడుతూ.
పెట్టెలో జనం నవ్వాక
అరక్షణం ఆగి తనూ నవ్వేది,
పంక్తి చివర కూర్చున్నవాళ్ళకి
వడ్డన ఆలస్యంగా అందినట్టు.

ఆ తర్వాత మాకు కథ చెప్పేది.
మాకు ఇంగ్లీషు అప్పుడప్పుడే పట్టుబడుతోంది,
ఆవిడకి ముక్క రాదు,
అయినా చెప్పేది ఆవిడే.

ఆ బస్సు నడిపేవాడికి ఇది రెండో సంబంధంరా.
సవతి తల్లే, కానీ చూడండి,
పెద్దపిల్లకీ గుడ్డు సమంగానే పెడుతోంది.
మేడ మీది సన్నటి మనిషి ఇల్లరికపుటల్లుడు,
అందుకే మెట్లు దిగేటప్పుడు తల దించుకుంటాడు.

ఇప్పుడు తెర అడుగున అక్షరాలు పడుతున్నాయి.
ఆమె కన్నతల్లే.
అతను మేడ గదిలో అద్దెకున్నవాడు,
నాలుగు వారాల బాకీ,
తల దించుకునేది అందుకు.
అంత తప్పేం చెప్పలేదు, అత్తయ్యా.

ఐదో భాగం అవగానే ఏడోది మొదలైంది.
పుస్తకం తిప్పి చూశాను. ఆరోది లేదు.
టేపు ఖరీదని తుడిచేసి
దాని మీద గుర్రప్పందేలు ఎక్కించారట.
స్క్రిప్టూ పోయింది. మిగిలింది ఒక్క ఫొటో:
బల్ల చుట్టూ అందరూ లేచి నిలబడి ఉన్నారు,
మధ్యలో మూతపెట్టిన పెద్ద గిన్నె.
కథ గుర్తున్నవారు రాయగలరు అని
కింద లీడ్స్ చిరునామా.

హల్‌లో ఉన్న శశికి ఫోన్ చేశాను.
గిన్నెదా, అల్లుడు అలిగి వెళ్ళిపోయిన భాగం కదూ
అన్నాడు, తడుముకోకుండా.
అదే. మామ కొత్త బట్టలు పెట్టలేదని అలిగాడు.
బస్సాయన డ్యూటీలో ఉన్న బస్సు అలాగే తిప్పి
ఊరంతా వెతికాడు, ఎక్కినవాళ్ళని దించకుండానే.
దొరికాక ఇంట్లో ఎవరూ ఒక్క మాటా అనలేదు.
గిన్నె మూత తీశారు. గుత్తి వంకాయ.
వాళ్ళింట్లో గుత్తి వంకాయేమిటే అక్కా
అన్నాడు శశి, ఇన్నాళ్ళకి.
అటూ ఇటూ నవ్వు,
ముందు ఎవరు ఆపాలో తెలియక.

రాత్రి ఉత్తరం మొదలుపెట్టాను.
అయ్యా, ఆరో భాగం నేను చూశాను.
అద్దెకున్నవాడు అని రాసి కొట్టేశాను.
అల్లుడు అని రాశాను.
ఇల్లరికం అన్న మాటకి వాళ్ళ భాషలో ఏం రాయాలో తోచక
నాలుగు లైన్లు పట్టింది.
వంకాయ దగ్గర మాత్రం ఏమీ మార్చలేదు.
కథ చెప్పినవారు అని అత్తయ్య పేరు పెట్టి
కవరు అంటించబోతూ ఆగాను.

బస్సులో ఉండిపోయినవాళ్ళు.
చివరికి వాళ్ళని అత్తయ్య ఎక్కడ దించిందో
గుర్తు రావడం లేదు.
పొద్దున్నే శశిని అడగాలి.